మాయకీ ఓ లెక్కుందండోయ్!

జానపద చిత్రం చూస్తున్నప్పుడు మీకెప్పుడైనా ఈ సందేహం వచ్చిందా? మాంత్రికుడి దగ్గర అంత శక్తి ఉన్నప్పుడు మొదటి రీల్లోనే హీరోని భస్మం చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా! క్లైమాక్సు దాకా ఎందుకు ఆగినట్టు?

నాకొచ్చింది. అదీ సరదాకి కాదు, కూటి కోసం! పత్రికలకు వ్యాసాలు రాసుకుని బతికే ఈ నాదెండ్ల కుర్రవాడికి (ముప్పై దాటినా సరే, పెళ్ళి కానంతవరకు మా ఊళ్ళో కుర్రవాడే లెండి) ఒక నిర్మాత గారు జానపద కథ రాసిపెట్టమని కబురు చేశారు. "కత్తులూ గుర్రాలూ మాయలూ దండిగా ఉండాలి. మాయల గురించి మీరు బుర్ర పాడుచేసుకోకండి, గ్రాఫిక్స్ వాళ్ళు చూసుకుంటారు" అన్నారు.

గ్రాఫిక్స్ వాళ్ళు మాయని చూపిస్తారు, కాదనను. కానీ ఆ మాయ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎంత ఉంది, ఎప్పుడు అయిపోతుంది అన్నది చెప్పాల్సింది కథ రాసేవాడే కదా! అందుకే కాగితం మీద ముందు హీరో పేరు రాయలేదు. శెట్టిగారి కొట్లో మాదిరిగా పద్దు గీశాను. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు.

పెద్దలు లెక్క తప్పలేదు

ఇదేదో నేను కనిపెట్టిన కొత్త విద్య కాదు. 1951 నాటి 'పాతాళ భైరవి' చూడండి. కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి రచన. అందులో శక్తి ఊరికే రాదు. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తేనే దేవి కరుణిస్తుంది. అదీ ధర! హీరోని ముందే ఎందుకు చంపలేదయ్యా అంటే, మాంత్రికుడికి హీరోతోనే పని! తీరా కథ అడ్డం తిరిగి మాంత్రికుడే బలైపోయాడు, బొమ్మ తోటరాముడి చేతికొచ్చింది. ఇక్కడుంది రెండో నియమం. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వరం వాళ్ళది. మంచివాడివా, చెడ్డవాడివా అని అది అడగదు. కనుకనే బొమ్మ చెయ్యి మారగానే రాముడి వైభవమంతా కళ్ళముందే మాయమైపోయింది. ప్రేక్షకుడు అయ్యో అన్నాడే గాని అన్యాయం అనలేదు. నియమం వాడికి ముందే తెలుసు!

1957 నాటి 'మాయాబజార్' పద్ధతి వేరు. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనబడుతుంది. సత్యపీఠం ఎక్కితే శకుని అంతటివాడు కూడా కడుపులో మాట కక్కాల్సిందే. పేరుకి మాయ, చేసే పని నిజం బయటపెట్టడం! 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉంది. ఎంత బలం ఉంటేనేం, దాచిన చోటు ఒకటి ఉన్నప్పుడు దొంగతనానికి దారీ ఉంటుంది.

ఇక 1978 నాటి 'జగన్మోహిని' మాటెత్తకపోతే మీరు ఊరుకోరు. పొయ్యిలో కట్టెల బదులు కాళ్ళు పెట్టి వంట చేస్తుందే మోహిని, ఆ సీను! విఠలాచార్య గారు ఒక్క షాటులో ఇంధనం ఎక్కడిదో చూపించేశారు. కాకపోతే ఆ కాళ్ళు తరగవు. ఖర్చు లేని మంట అన్నమాట! నవ్వడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అదే మంటతో యుద్ధం చేయిస్తే మాత్రం ఉత్కంఠ చప్పబడిపోతుంది.

రాజభవనం బరువెంత?

శివరాత్రికి మా వైపు కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కడతారు. తాటిచెట్టుని మించిన ఎత్తు, ఒళ్ళంతా రంగురంగుల బల్బులు. దూరం నుంచి చూస్తే దేవలోకమే దిగినట్టుంటుంది. దగ్గరికి పోతే జనరేటరు మోత, డీజిలు వాసన! అది ఆగిందా, దేవలోకం కాస్తా వెదురుబొంగుల బొమ్మ.

డిగ్రీలో ఫిజిక్సు చదివాను గనుక మాంత్రికుడికీ అదే లెక్క వేశాను. శక్తిని పుట్టించలేం, పోగొట్టలేం, రూపం మాత్రం మార్చగలం అని 1840లలోనే మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ మొదలైనవాళ్ళు తేల్చేశారు. సరే, రాకుమారి భవనం వెయ్యి టన్నులనుకుందాం. వంద మీటర్లు పైకి లేపడానికి 98 కోట్ల జౌళ్ళు కావాలి. కరెంటు భాషలో చెబితే 272 యూనిట్లు. ఎండాకాలం ఏసీ వాడే ఇంటి నెల బిల్లంత. ఓస్, ఇంతేనా!

ఆగండి. మాంత్రికుడి ఇంటికి కరెంటు తీగ లేదు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషి ఒంట్లో పడేది సుమారు 84 లక్షల జౌళ్ళు. అంటే ఆ భవనం లేవాలంటే 117 రోజుల తిండి పూర్తిగా ధారపోయాలి. 41 రోజుల దీక్ష చేస్తే 35 మీటర్లు లేస్తుంది. అందులోనూ మన కండరాలు పనికింద మార్చగలిగేది మహా అయితే నాలుగో వంతు. ఆ లెక్కన తొమ్మిది మీటర్లు కూడా లేవదు! భవనం మూడో అంతస్తు ఎత్తులో వేలాడుతుండగా మాంత్రికుడు ఆకలికి కూలబడిపోతాడు.

ఈ లెక్క వేస్తుండగానే విలన్ పుట్టాడు. ఒక్కడి తపస్సు చాలదు కాబట్టి వాడికి వందమంది శిష్యులు కావాలి. జపం వాళ్ళది, ఎగరడం వాడిది! వాడు ఎగిరిన ప్రతిసారీ ఆశ్రమంలో ఎవడో ఒక కుర్రాడు ముసలివాడై లేస్తాడు.

కాలువ చివరి పొలం

మరి హీరో శక్తి ఎక్కడిది? ఇక్కడే నిర్మాత గారికీ నాకూ తేడా వచ్చింది.

మాది సాగర్ కుడికాలువ ప్రాంతం. 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట. 1967లో కాలువలకు నీళ్ళొదిలారు. ఇప్పటికీ డ్యాములో నీళ్ళు 590 అడుగులకు చేరాయా లేదా అన్నది మా వైపు సినిమా కలెక్షన్ల కంటే పెద్ద వార్త. ఎగువన ఎవరైనా తూముకి గండి కొడితే చివరి పొలానికి చుక్క రాదు. మా నాన్న టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కూర్చున్న రాత్రులు నాకు గుర్తు. వంతు తప్పిన ఏడు మిరపచేను ఎలా వడిలిపోతుందో కూడా గుర్తే.

కాబట్టి నా కథలో శక్తి కొండ కింద ఊట. రాతి కాలువల్లో పారి అయిదు ఊళ్ళకి అందుతుంది. విలన్ ఎగువన తోడేస్తాడు. క్లైమాక్సులో రాకుమారిని కాపాడాలంటే హీరో కూడా అందులోంచే తోడాలి. తోడితే చివరి ఊరు, అంటే వాళ్ళమ్మ ఉండే ఊరు, ఎండిపోతుంది.

"హీరో వల్ల ఊరు ఎండడమా? ఫ్యాన్స్ కుర్చీలు విరగ్గొడతారు. దేవత ప్రత్యక్షమై వరం ఇచ్చేసిందని రాసెయ్యండి" అన్నారు నిర్మాత గారు.

"ఇస్తుంది సార్. మరి ఆ దేవత మొదటి రీల్లోనే ఎందుకు రాలేదని అడిగితే ఏం చెబుదాం?" అన్నాను.

మా అమ్మ సైతం "ఆయన అడిగినట్టు రాసిచ్చెయ్ రా నాయనా, సినిమాయే గదా" అంది. రెండో విడత డబ్బొస్తే ఇంటి కప్పు బాగుచేయించాలని ఆవిడ ఆశ. ఆ మాట తోసిపారేయడం అంత తేలికా చెప్పండి! అయినా దేవతని దింపడానికి చెయ్యి రాలేదు. తూము దగ్గర కూర్చున్న మా నాన్నకి ఏ దేవతా ప్రత్యక్షం కాలేదు మరి.

చివరికి ఒక సీను చేర్చాను. మా వైపు అవసరం పడితే ఒకరి వంతు ఒకరు ఇచ్చుకుంటారు. హీరో వెళ్ళి చివరి ఊరి పెద్దల్ని ఒక్కరోజు వంతు అడుగుతాడు. వాళ్ళు రాత్రంతా వాదులాడుకుని, తెల్లవారుతుండగా సరేనంటారు. విలన్ అడక్కుండా లాక్కున్నాడు, హీరో అడిగి తెచ్చుకున్నాడు. శక్తి ఇద్దరిదీ అదే, పద్దూ అదే!

నిర్మాత గారు ఇంకా ఆలోచిస్తున్నారు. ఆయనతోపాటు రెండో విడత చెక్కు కూడా ఆలోచిస్తోంది!

ఈలోగా మీకొక పని. ఈసారి మాయల సినిమాకి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు జేబులో వేసుకెళ్ళండి. ఈ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎప్పుడు అయిపోతుంది? బిల్లు ఎవరు కడుతున్నారు? మూడింటికీ జవాబు దొరికితే ఈల వెయ్యండి. మీలో కథలు రాసుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటే, హీరో పేరు తర్వాత చూసుకోవచ్చు. ముందు పద్దు గియ్యండి!