అన్నకు మూడు వారాలకోసారి, తమ్ముడికి ఎప్పుడో ఒకసారి

విజయవాడలో తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే వార్డుకు నేను వెళ్లేసరికే మంచాలన్నీ నిండిపోయాయి. దివిసీమ నుంచి తొలి బస్సుకు వచ్చిన ఒక తల్లి, పెద్దకొడుకు చేతికి సూది పెడుతుంటే వాడి తల నిమురుతోంది. పక్కన చిన్నవాడు బిస్కెట్లు తింటున్నాడు. ఇద్దరిదీ బీటా తలసీమియానే. మూడు వారాలు దాటితే పెద్దవాడు పాలిపోతాడు. చిన్నవాడి హిమోగ్లోబిన్ ఎనిమిది గ్రాముల దగ్గర నిలబడుతుంది. జ్వరమొచ్చి నీరసించినప్పుడు తప్ప వాడికి రక్తం ఎక్కించలేదు.

"పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నేను సరిగా తినలేదండీ, అందుకేనేమో" అంది. ఆమె తప్పేమీ లేదని ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. నాకు మనసు కలుక్కుమంది.

డాక్టరుగారు స్టూలు లాక్కుని ఆమె ఎదుటే కూర్చున్నారు. 11వ క్రోమోజోము మీది బీటా గ్లోబిన్ జన్యువులో లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అన్నదమ్ములిద్దరికీ ఒకేలా వచ్చింది. తేడా వేరేచోట ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులు తయారుకానప్పుడు, జతలేక మిగిలిన ఆల్ఫా గొలుసులు పేరుకుని ఎముక మజ్జలోనే ఎర్రకణాలను చంపేస్తాయి. 16వ క్రోమోజోము మీద ఉండే నాలుగు ఆల్ఫా జన్యువుల్లో ఒకటి చిన్నవాడికి లేదు. అందుకే మిగులు తక్కువ, నష్టమూ తక్కువ. ఒక లోపం ఇంకో లోపానికి విరుగుడైంది!

మరికొందరిని కాపాడేది 2వ క్రోమోజోము. పిండదశ హిమోగ్లోబిన్‌ను పుట్టాక ఆపించే బీసీఎల్11ఏ జన్యువు అక్కడుంది. అది కాస్త మందగిస్తే పాత హిమోగ్లోబిన్ కొనసాగి లోటు పూడుస్తుంది. ఆ జన్యువును రక్తకణాల్లో కావాలనే అణచే కాస్‌గెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతిచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఇక్కడి చాలామంది పిల్లలకు మాత్రం దాతల రక్తం, దానితో ఒంట్లో చేరే ఐరన్‌ను తీసే మాత్రలే దిక్కు.

తేలికరకం కదా అని చిన్నవాణ్ని వదిలేయడానికీ లేదు. రక్తం ఎక్కించకపోయినా పేగులు ఐరన్‌ను అతిగా పీల్చుకుంటాయి. ప్లీహం, ముఖం ఎముకలు, ఎదుగుదల చూస్తూనే ఉండాలి.

ఆ తల్లి చెల్లెలిది మేనరికం, ఇప్పుడు రెండో నెల. "చెల్లికీ మా చిన్నాడిలాంటోడే పుడతాడేమో కదండీ?"

డాక్టరుగారు ఆ ఆశకు ఊతమివ్వలేదు. భార్యాభర్తలిద్దరూ లోపాన్ని మోసే వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఎంత తీవ్రంగా వస్తుందన్నది అక్కబిడ్డను చూసి లెక్కకట్టలేం. చెల్లెలికీ ఆమె భర్తకీ ఈ వారమే, వాహకులో కాదో తేల్చే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చారు.