బొమ్మలో నేను లేను

మా నాయన మొత్తం తొమ్మిది బోర్లు వేయించాడు. అందులో నీళ్ళు పడినవి నాలుగు. ఇప్పుడు నీళ్ళున్నది ఒక్కదాంట్లో, అదీ వానలు బాగా పడిన ఏడు మాత్రమే. అనంతపురం జిల్లాలో నార్పల దగ్గర మా ఊరు. ఆరెకరాల చేను, అందులో నాలుగెకరాల చీనీ తోట. ఈ తోట గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఒక అమెరికన్ ఆవిడ గుర్తొస్తుంది. ఆమెను నేను చూడలేదు. ఆమె పుస్తకం నా చేతికొచ్చేసరికే ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. పేరు డొనెల్లా మెడోస్.

2010లో హైదరాబాదులో ఆఫీసు స్నేహితుడొకడు ‘థింకింగ్ ఇన్ సిస్టమ్స్’ అనే చిన్న పుస్తకం ఇచ్చాడు. ప్రాజెక్టులు ఎందుకు ఆలస్యమవుతాయో అర్థం చేసుకోడానికి పనికొస్తుందని ఇచ్చాడు. నేను మాత్రం చదువుతున్నంతసేపూ మా చేనే చూశాను.

ఆమె చెప్పే పద్ధతి చాలా తేలిక. నీళ్ళ తొట్టితో మొదలుపెడుతుంది. పైన కొళాయి, కింద తూము. లోపలికొచ్చేది, బయటికి పోయేది, మధ్యలో నిల్వ. తొట్టిలో నీళ్ళెన్నున్నాయో చూసి మనం కొళాయి తిప్పుతాం. అంటే నిల్వే మన చేతికి ఏం చెయ్యాలో చెబుతోందన్నమాట. ఈ కబురు తిరిగి రావడాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. కబురు ఆలస్యంగా వచ్చినా, తప్పుగా వచ్చినా, అసలు రాకపోయినా తొట్టి పొర్లుతుంది, లేకపోతే ఎండిపోతుంది. జనాభా, చేపల వేట, బ్యాంకు అప్పు, ఊరి చెరువు, అన్నిటినీ ఆమె ఈ కంటితోనే చూసింది. మనుషులు చెడ్డవాళ్ళయి పనులు చెడడం లేదు, అమరిక అట్లా ఉంది కాబట్టి మంచివాళ్ళు తెలివిగా చేసిన పనులే కలిసి చెడుపుతున్నాయి అనేది ఆమె మాటల సారాంశం.

మాది అచ్చంగా అదే కథ. జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కింద గట్టి బండ. నీళ్ళుండేది పైనున్న మెత్తటి పొరలోనూ, బండ పగుళ్ళలోనూ. ఎంత లోతుకు పోతే అంత నీళ్ళు అనే లెక్క ఇక్కడ కుదరదు. మొదటి బోరు 150 అడుగులకే రెండించుల నీళ్ళిచ్చింది. ఆ ధైర్యంతో నాయన శెనక్కాయ మానేసి చీనీ చెట్లు పెట్టాడు. మా గట్టు పక్కనే చిన్నాయన చేను. ఆయనా చీనీ పెట్టి, మా బోరుకు నూరడుగుల దూరంలో 300 అడుగుల బోరు వేయించాడు. మా నీళ్ళు తగ్గాయి. నాయన 400 వేయించాడు. ఆయన నీళ్ళు తగ్గాయి. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండ్లకు మాత్రం మా ఊళ్ళో పని తగ్గలేదు.

ఇద్దరిలో ఎవరిదీ మూర్ఖత్వం కాదు. శెనక్కాయైతే ఒక ఏడు విత్తనం వెయ్యకుండా ఊరుకోవచ్చు. చీనీ చెట్టు కాపుకు రావడానికే ఐదారేళ్ళు పడుతుంది. అన్నేళ్ళు బిడ్డలా సాకినదాన్ని ఎండలో వదిలెయ్యమంటే ఎవరు వదిలేస్తారు? 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. అప్పట్లో వచ్చేది కొద్ది గంటలే, ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అందుకని అందరూ ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు వస్తే మోటారు తనంతట తానే తిరుగుతుంది. నీళ్ళు తోడేటప్పుడు మనిషి దగ్గర లేడు, తోడినందుకు బిల్లూ రాదు. తొట్టిలో ఎన్ని నీళ్ళున్నాయో చెప్పే కబురు ఏ దారిలోనూ ఇంటికి చేరదు. చేరేది ఒక్కసారే, మోటారు గాలి పీల్చిన రోజు.

పుస్తకం చదివిన ఊపులో ఆ సంక్రాంతికి ఊరెళ్ళాను. ఎరువుల అంగడి రసీదు వెనక పెన్నుతో బొమ్మ గీశాను. వాన, భూమిలో నీళ్ళు, మా బోరు, చిన్నాయన బోరు, చీనీ చెట్లు, కరెంటు. బాణాలు, వాటి పక్కన ప్లస్సులు, మైనస్సులు. ఏడో బోరు ఎందుకు వేయించకూడదో నాయనకు ఇరవై నిమిషాలు చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. రసీదు తిప్పి చూసి, “చెట్లు సచ్చిపోతాండాయి. నీళ్ళు పడేదాకా ఏపిచ్చల్ల” అన్నాడు. తర్వాత ఇంకో మాట అడిగాడు. “అదిసరే, దీంట్లో నువ్వు యాడుండావప్పా?”

నాకు కోపమొచ్చింది. ఇంత వివరంగా చెబితే ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఏడో బోరు 700 అడుగులకు పోయింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

మెడోస్ గురించి నేను ఆసక్తిగా చదవడం ఆ తర్వాత మొదలైంది. నిజం చెప్పాలంటే, నాయన మీద వాదనలో గెలవడానికి.

ఆమె 1941లో పుట్టింది. కెమిస్ట్రీ చదివి, 1968లో హార్వర్డ్‌లో బయోఫిజిక్స్‌లో డాక్టరేటు తీసుకుంది. తర్వాత భర్త డెనిస్‌తో కలిసి ఇంగ్లండు నుంచి శ్రీలంక దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఏడాదిపాటు సాగిన ప్రయాణం అది. అమెరికా చేరాక ఇద్దరూ ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ దగ్గర చేరారు. ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు ఎందుకు ఎగుడుదిగుడవుతాయో లెక్కగట్టే పద్ధతిని ఆయన నగరాలకూ, తర్వాత మొత్తం ప్రపంచానికీ వర్తింపజేస్తున్న రోజులవి. క్లబ్ ఆఫ్ రోమ్ అడిగిన మీదట ఆ బృందం చేసిన పనే 1972లో ‘ది లిమిట్స్ టు గ్రోత్’ పుస్తకంగా వచ్చింది. జనాభా, తిండి, పరిశ్రమలు, వనరులు, కాలుష్యం ఒకదాన్నొకటి ఎలా తోసుకుంటాయో కంప్యూటర్లో నడిపి చూపించారు. పుస్తకం రాసింది ప్రధానంగా ఆమే. అప్పటికి ముప్పయ్యొక్కేళ్ళు.

ఆ పుస్తకాన్ని ఆర్థికవేత్తలు చీల్చి చెండాడారు. ఫలానా ఏడాదికి చమురు అయిపోతుందని జోస్యం చెప్పారని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. అందులో ఉన్నది జోస్యం కాదు. పన్నెండు దారులు గీసి, ఇలా నడిస్తే ఇక్కడికి చేరతాం, అలా నడిస్తే అక్కడికి చేరతాం అని చూపించారు. వాటిలో కుప్పకూలకుండా నిలదొక్కుకునే దారులూ ఉన్నాయి. అయితే ఒక విమర్శ మాత్రం నాకు న్యాయంగానే తోచింది. ప్రపంచాన్నంతా ఒకే తొట్టిగా లెక్కేస్తే, అందులో ఎవరు బిందెతో తోడుతున్నారో, ఎవరు మోటారు పెట్టి తోడుతున్నారో కనపడదు. ఆ లోటు ఆమెకూ తెలిసే ఉంటుంది. 1990లో తను పత్రికలకు రాసే శీర్షికలో ప్రపంచాన్ని వెయ్యిమంది ఉన్న ఊరుగా ఊహించి, ఎవరి దగ్గర ఎంత ఉందో పంచి చూపించింది. అదే తర్వాత వందమంది ఊరుగా మారి, రాసినామె పేరు లేకుండా, మనందరి ఈమెయిళ్ళలోనూ చక్కర్లు కొట్టింది.

ఆ శీర్షిక పేరు ‘ది గ్లోబల్ సిటిజన్’. పదిహేనేళ్ళకు పైగా వారం వారం రాసింది. డార్ట్‌మత్ కాలేజీలో పాఠాలు చెబుతూనే, న్యూ హాంప్‌షైర్‌లో ఒక పొలంలో ఉంటూ సేంద్రియ వ్యవసాయం చేసింది, గొర్రెలు పెంచింది. ప్రపంచం మొత్తాన్నీ కంప్యూటర్లో నడిపిన మనిషి పొద్దున లేచి గొర్రెలకు మేత వేసేదన్న సంగతి చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. నేను ఊరికి పోయేది ఏడాదికి రెండుసార్లు.

ఆమె రాసినవాటిలో నేను ఎక్కువసార్లు చదివింది ఒక వ్యాసం. కొత్త ప్రపంచ వాణిజ్య ఒప్పందాల మీద జరుగుతున్న ఒక సమావేశంలో కూర్చుని, వింటున్నకొద్దీ లోపల ఉడికిపోయి, లేచి వెళ్ళి ఫ్లిప్ చార్ట్ మీద ఒక జాబితా రాసిందట. వ్యవస్థను మార్చాలంటే ఎక్కడ చెయ్యి పెట్టాలి అని. తర్వాత దాన్ని విస్తరించి, 1999లో పన్నెండు చోట్లుగా రాసింది. మనం రోజూ కొట్లాడుకునే పన్నులు, సబ్సిడీలు, అంకెలు అన్నిటికన్నా అడుగున ఉంటాయి. వాటికి పైన ఆలస్యాలు, ఇంకా పైన సమాచారం ఎవరికి చేరుతోందన్నది, ఆపైన నియమాలు, లక్ష్యాలు, చివరికి ఆ వ్యవస్థను పుట్టించిన ఆలోచన.

సమాచారం గురించి ఆమె చెప్పే ఉదాహరణ మరిచిపోలేం. హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఒకే రకం ఇళ్ళు. కొన్నిట్లో కరెంటు మీటరు కింద నేలమాళిగలో, కొన్నిట్లో ముందు గదిలో బిగించారు. ధర ఒకటే, మనుషులు ఒకలాంటివాళ్ళే. మీటరు ముందు గదిలో ఉన్న ఇళ్ళలో కరెంటు వాడకం 30 శాతం తక్కువ.

ఇది చదువుతుంటే మన దగ్గరే జరిగిన పని ఒకటి గుర్తొచ్చింది. 2000ల దశకంలో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది. ఏపీఫామ్స్ అనేవాళ్ళు. ఎంత వాన పడిందో, బోర్లలో నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో రైతులే కొలిచి ఊళ్ళో అందరికీ కనపడేలా రాసేవాళ్ళు. ఖరీఫ్ అయ్యాక అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీళ్ళెన్ని, రబీలో వెయ్యాలనుకున్న పంటలకు కావలసిన నీళ్ళెన్ని అని బడ్జెట్ వేసేవాళ్ళు. ఎవరినీ బలవంతపెట్టలేదు. అయినా చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్ళారు. బోర్ల మధ్య దూరం పాటించాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. మా ఊళ్ళో దాని పేరెత్తినవాళ్ళు లేరు. కాగితంలో ఉన్న నియమం కంటే గోడ మీద ఉన్న అంకెకు బలమెక్కువని అప్పుడనిపించింది. మా ఊరు ఆ ప్రాజెక్టులో లేదు.

ఇదంతా తెలిశాక కూడా నాయన ప్రశ్న నాకు అర్థం కాలేదు. అర్థమైంది 2014లో, తొమ్మిదో బోరూ పోయిన తర్వాత. ఆ వారం నా బ్యాంకు ఖాతా చూసుకుంటుంటే వరసగా కనపడ్డాయి, ఊరికి పంపిన డబ్బులు. ఐదో బోరు నుంచీ ప్రతి బోరూ నా జీతంలోంచే. వద్దని వాదించిన ఏడో బోరు కూడా. వాదించి హైదరాబాదు వచ్చిన మూడో రోజున లక్ష రూపాయలు పంపాను. నాయన ముఖం గుర్తొచ్చి ఉండలేకపోయాను.

నేనే లేకపోతే నాలుగో బోరు తర్వాత ఆయన దగ్గర డబ్బులుండేవి కావు. చేను ఆయనకు ‘ఇంక చాలు’ అని అప్పుడే చెప్పేసేది. తోటలో సగం వదిలేసి, మిగిలిన సగం నిలబెట్టుకునేవాడేమో. లేకపోతే వడ్డీకి తెచ్చి ఇంకా లోతుకు పోయేవాడేమో. చుట్టుపక్కల ఊళ్ళలో అలా మునిగినవాళ్ళు ఎందరో ఉన్నారు కాబట్టి, పంపడం తప్పని ఇప్పటికీ అనలేను. కానీ చేను నుంచి ఆయనకు చేరాల్సిన కబురును పదేళ్ళు ఆలస్యం చేసింది నా జీతం. అంతకాలం చిన్నాయనకు కూడా, ఏ కొడుకూ డబ్బు పంపని చిన్నాయనకు, మాతో పోటీపడక తప్పలేదు. రసీదు వెనక అన్నిటినీ గీశాను. హైదరాబాదు నుంచి వచ్చే బాణం మాత్రం గియ్యలేదు. నాయన నాతో ఎగతాళి ఆడలేదు. బొమ్మలో లోపం చూపించాడు, అంతే.

మెడోస్ కూడా చివరి రోజుల్లో ఇలాంటి మాటే రాసింది. వ్యవస్థను అర్థం చేసుకుంటే దాన్ని మన చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చని మొదట్లో అనుకున్నామని, అది కుదరదని, దాన్ని వింటూ దాంతోపాటు అడుగులు వెయ్యడమే మనకు చేతనయ్యేదని. ఆ వ్యాసాలు నేను ముందే చదివాను. అయినా బయట నిలబడి చదివాను.

2001 ఫిబ్రవరి 20న మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) ఆమె పోయింది. ఇంకో మూడు వారాలుంటే అరవై నిండేవి. ‘థింకింగ్ ఇన్ సిస్టమ్స్’ రాతప్రతి 1993 నుంచీ చేతులు మారుతూనే ఉంది. పుస్తకంగా అచ్చయింది 2008లో, ఆమె చూడకుండానే.

నాలుగెకరాల తోటలో ఇప్పుడు ఎకరం మిగిలింది. తక్కినదాంట్లో వాన పడితే శెనక్కాయ, కంది. పోయిన ఏడు ఊరెళ్ళినప్పుడు, నీళ్ళు తగ్గి వదిలేసిన పాత బోరు దగ్గరికి నాయనా నేనూ వెళ్ళాం. తాడుకు పదడుగులకొక ముడి వేసి, చివర ఇనపముక్క కట్టి లోపలికి వదిలాం. నీళ్ళు తగిలిన చప్పుడు దగ్గర ఆపి ముళ్ళు లెక్కపెట్టాం. ఇంటికొచ్చి వంటింటి తలుపు పక్కన, క్యాలెండరు కింద, బొగ్గుతో అంకె వేశాడు. అప్పటినుంచి నెలకోసారి కొలుస్తున్నాడు.

మొన్న ఫోన్లో, “నూటా డెబ్బై ఉండాది. పోయిన నెల్లో నూటా అరవై” అన్నాడు.

చిన్నాయన బోరులో ఎంత ఉందని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అడగల్ల” అన్నాడు.