తరిగొండనుండి తిరుమలకు

వాయల్పాడునకును గుఱ్ఱముకొండకును సమీపమున తరిగొండ యను చిన్న గ్రామము గలదు. వేసవి సెలవులలో మావారికి బడిపని తీఱగానే తిరుమల యాత్రకు బయలుదేరితిమి. త్రోవలో ఈ యూరిని చూచి పోవలెనని పట్టుపట్టినదానను నేనే. చుట్టును రాతిగుట్టలు, వానకై యెదురుచూచు మెట్టచేలు, ఊరిలో లక్ష్మీనృసింహస్వామి యాలయము. మేము పోయినపుడు అర్చకుడును, ఇద్దరు ముగ్గురు వృద్ధులును తప్ప మఱెవ్వరును లేరు. 1730 ప్రాంతమున వెంగమాంబ జన్మించినది ఇచ్చటనే.

ఆమె కథ సోదరీమణులకు కొంత తెలిసియే యుండును. బాల్యముననే వివాహమయ్యెను, బాల్యముననే భర్త గతించెను. వేంకటేశ్వరుడే తన పతియని నమ్మిన యామె శిరోముండనమునకు సమ్మతింపలేదు, పసుపు కుంకుమలను విడువలేదు. లోకులు నిందించిరి. ఈ యాలయములోనే ఆంజనేయ విగ్రహము వెనుక కూర్చుండి ధ్యానించుచుండగా పూజారి యొకడు చూచి జుట్టుపట్టి వెలికీడ్చెననియు, అంతట ఆమె ఊరు విడిచి తిరుమలకు పోయెననియు చెప్పుదురు. ఏ జుట్టును తీయించుకొననని పంతము పట్టెనో, ఆ జుట్టే పట్టుకొని యీడ్చిరన్నమాట!

వెంగమాంబ తాను ఓనమాలైనను గురువుచెంత దిద్దలేదనియు, ఛందస్సు నెఱుగననియు, తరిగొండ నృసింహుడే తనచేత పలికించుచున్నాడనియు చెప్పుకొన్నది. దీనిని గూర్చి తిరుగుప్రయాణమున బస్సులో మావారికిని నాకును పెద్ద వాదమే జరిగినది. “మొల్ల తనకు పాండిత్యము లేదన్నది. పోతన తనచేత రాముడు పలికించుచున్నాడనెను. ఇది కవుల వినయము. అంతంత ద్విపద కావ్యములు చదువురాకయే వచ్చునా?” అని వారనిరి.

నాకట్లు తోచలేదు. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. తిరుగలి యొద్ద పాడుకొను ఇల్లాలు వానిని లెక్కించునా? ద్విపద మ్రోగుచుండు నింట పెరిగిన బిడ్డకు అక్షరములు రాకమునుపే యతిప్రాసలు చెవికి పట్టుబడును. నేనును బడిమెట్లెక్కినదానను గాను. మా నాయనగారు భారతము చదువుచుండగా వంటయింటి గడప యవతల కూర్చుండి పద్యము పట్టుకొన్నదానను. బడిపంతుళ్ళకు బడి వెలుపలి చదువు చదువుగా కనబడదు కాబోలు!

అంతకంటె గట్టి యాధార మొకటి గలదు. మదనపల్లెలోని సుబ్రహ్మణ్య దేశికునివలన ఆమె యోగవేదాంత రహస్యములు గ్రహించినది. ఆయనను గురువుగా కొలిచినది. నేర్చినదానిని దాచనిది, నేర్వనిదానిని గూర్చి మాత్రము అబద్ధమేల యాడును? దీనికి మావారు బదులు చెప్పక కిటికీవైపు చూచుచు కూర్చుండిరి.

ఆమె ద్విపదగా రచించినవానిలో వాసిష్ఠ రామాయణ మొకటి. మూలమైన యోగవాసిష్ఠములో చూడాల కథ నాకు మిక్కిలి ప్రీతి. శిఖిధ్వజుని రాణియగు చూడాల భర్తకంటె ముందుగనే ఆత్మజ్ఞానము పొందును. ఆమె చెప్పినపుడు రాజు నవ్వి త్రోసివేసి, రాజ్యము విడిచి, అడవికి పోయి తపస్సునకు కూర్చుండును. తుద కామెయే కుంభుడను బ్రాహ్మణకుమారుని వేషమున పోయి బోధింపగా చెవియొగ్గును. మాట యదియే, పలికిన రూపము మాఱినది! వెంగమాంబ ఏ మాఱువేషమును వేయలేదు. వితంతువని యెల్లరెఱిగిన తన పేరుతోనే వేదాంతము చెప్పినది. అదే పేరుతో చెంచు నాటకము వంటి శృంగార యక్షగానములును వ్రాసినది. ఆ రెండవ పనికే యెక్కువ ధైర్యము కావలయునని నా యభిప్రాయము.

తిరుమలలో ఆమె కొంతకాలము జనసంచారము లేని తుంబురుకోనలో తపస్సు చేసెనందురు. 1817లో సిద్ధిపొందినది. సమాధి యాలయమునకు ఉత్తరపుదిక్కున పాఠశాల యావరణములో నున్నది. బడి ప్రక్కనని చెప్పగానే మావారికి ఉత్సాహము గలిగి నాకంటె ముందు నడచిరి. వెలుపలి వీథిలో వేలకొలది జనము. ఇచ్చట మే మిరువురమే.

2011లో తెఱచిన గొప్ప అన్నప్రసాద భవనమునకు దేవస్థానమువారు వెంగమాంబ పేరిడిరి. పంక్తిలో నా ప్రక్కన కూర్చున్న యొక యువతిని, “అమ్మాయీ, ఈ వెంగమాంబ యెవరో తెలియునా?” అని యడిగితిని. “ఎవరో పెద్ద దాత అయియుందురు పిన్నిగారూ” అన్నది. విస్తరిలో అన్నము చల్లారువఱకు ఆమెకు కథ చెప్పితిని. అంతయు విని, “జుట్టు తీయించుకొననే లేదా?” అని మఱల నడిగినది. లేదంటిని.

తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి యని తిరుమలలో నానుడి. రాత్రి ఏకాంతసేవలో అన్నమాచార్యుల వంశమువారు లాలి పాడుదురు. వెంగమాంబ పేర ముత్యాల హారతి యిత్తురు. పిదప గుడి తలుపులు మూయుదురు.