చదరంగమున నొక ఎద్దు

2003లో ప్రారంభమైన ‘కింగ్‌డమ్ ఆఫ్ లోథింగ్’ అను అంతర్జాల సాహసక్రీడయందు, రేఖామాత్రశరీరులైన మానవులు సంచరించు, మాంసమే ద్రవ్యముగా చెల్లుబడియగు ఆ హాస్యప్రపంచమునకు 2016లో వచ్చిచేరిన చదరంగఫలకము నన్నెంతయో ఆకర్షించినది. అచటి చిక్కుసమస్యలను విప్పుటయేగాక, పావులతోనే ద్వంద్వయుద్ధము చేయవచ్చును; దినమునకు ఐదు పోరాటములకే అనుమతి. బంటు, గుర్రము, రాజుల సరసన నొక ఎద్దును, ఒక మంత్రగత్తెయు నిలిచియుండుట నాకు మిక్కిలి ప్రీతికరము. రథగజతురగపదాతులతో భారతభూమిని జనించి, పారశీకమునకేగి, అరబ్బుల చేతులమీదుగా ఐరోపాను చేరి, అచట మంత్రిని రాణిగా మార్చుకొనిన ఈ క్రీడ ఏనాడు తన సేనను మార్చుకొనలేదు గనుక? శతాబ్దములుగా గుర్రమునకు, ఏనుగునకు లభించిన గౌరవము, లోకమునకు అన్నముపెట్టు ఎద్దునకు ఇన్నాళ్లకైనను దక్కినందులకు, కర్షకకుటుంబమున పుట్టిన నాకు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పజాలను.