ఎక్కడి కని యడుగరాదా?

ఇల్లు విడిచి బయలుదేరుచున్నవానిని ఎక్కడి కని యడుగరాదని మన పెద్దలు చెప్పుదురు. అడిగినచో పోయిన పని కాదట. తెలియక యడిగినవానిని కసరి, బయలుదేరినవాడు లోనికి తిరిగివచ్చి, కాళ్లు కడుగుకొని, కొంతసేపు కూర్చుండి, మంచినీళ్లు త్రాగి మరల గడప దాటుట నేటికిని మన యిండ్లలో చూచుచున్నాము. తుమ్మునకును, ఎదురు వచ్చిన పిల్లికిని, వారశూలకును మనవా రిచ్చు గౌరవము కొంత తగ్గినది గాని, ఈ ప్రశ్నయందలి భయము మాత్రము చదువుకొన్నవారిని సైతము వదలలేదు.

సంతకు పోవువాని విషయమున ఈ యాచారమువలన గొప్ప హాని లేదు. సంతకు దారి యొకటే. పోయినవాడు ప్రొద్దు గ్రుంకినను రాకున్నచో వెదకవలసిన చోటు ఊరి కంతకు తెలియును. అడవులకును కొండలకును పోవువాని సంగతి యట్టిది కాదు. అక్కడ దారులు నూరు, మనిషి యొకడు. వాడెక్కడికి పోయెనో యింటనున్నవారి కెవ్వరికిని తెలియకున్నచో, శకునమునకు వెరచి యడుగని యా చిన్న ప్రశ్న ఒక ప్రాణమునకు వెల యగును. ఈ విషయమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

పూర్వము అడవికి పోవువారు కట్టెలకు పోవువారు, పసులకాపరులు, చెంచులు, యాత్రికులు. నేడు శనివారము వచ్చినచో హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములనుండి యువకులును యువతులును మూటలు వీపున గట్టుకొని నల్లమలకు, శేషాచలమునకు, పాపికొండలకు పోవుచున్నారు. సెలవులు చిక్కినవారు హిమాలయములకును పోవుచున్నారు. ఇది మంచిదే. తమ దేశపు కొండలను కాలినడకను చూడనివాడు దేశభక్తిని గూర్చి మాటలాడుట వినుటకు మాకు రుచింపదు. కావున పోవలదని మేము చెప్పబోము. చెప్పి పొండని మాత్రము చెప్పుదుము.

చెప్పి పోవుట మనకు క్రొత్త విద్య కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీని కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరిరి. దాదాపు నూరుమంది పరివారముతో, గుడారములతో, అహోబిలము, శ్రీశైలము మొదలగు స్థలములను చూచుచు సాగిన ప్రయాణ మది. దారిలోని మజిలీలను, నీటివసతిని, కొండలను, ఏళ్లను గూర్చి ఎప్పటికప్పుడు తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి ఆయన జాబులు వ్రాయుచు వచ్చిరి. ఆ జాబులే గ్రంథమై 1838లో అచ్చు పడినవి. సాహిత్యాభిమానులు వానిని మన తొలి యాత్రాచరిత్రలలో నొకటిగా మెచ్చుకొందురు. మేము వానియందు మరియొక గుణమును కూడ చూచుచున్నాము. తంతి లేని, రైలు లేని ఆ దినములలో ఒక గృహస్థుడు తా నెక్కడ నున్నదియు వెనుకనున్న యొకరికి తెలియుచుండునట్లు ఏర్పాటు చేసికొనెను. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని లోకము చెప్పుకొనుచున్న కాలమున చేసిన పని యది. చేతిలో టెలిఫోను గల నేటివా డాపాటి పని చేయలేడా?

అడవిలో మనిషిని వెదకుట యనగా నేమో ఎరిగినవారు తక్కువ. 2009వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ యుదయమున హైదరాబాదునుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన అప్పటి ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలపై వానలో చిక్కి కనబడకపోయెను. బయలుదేరిన చోటు తెలియును. చేరవలసిన చోటు తెలియును. కడపటి మాట వినబడిన వేళయు తెలియును. వాయుసేనవారు వెదకిరి, పోలీసులును, అడవి నెరిగిన పల్లెలవారును వెదకిరి, రాత్రివేళ చిత్రములు తీయగల యుద్ధవిమానమును సైతము పంపిరి. అయినను మరునాటి యుదయమునకు గాని పావురాలగుట్టమీద దాని శకలములు కనబడలేదు. అందున్న యైదుగురును మరణించి యుండిరి. ఒక రాష్ట్రముయొక్క యావద్బలమును, కేంద్రముయొక్క సాయమును కూడినను, తెలిసిన దారిలో పోయినవారిని కనుగొనుటకు ఒక పగలును ఒక రాత్రియు పట్టినది. ఇక ఏ దారిని పోయెనో, ఏ కొండ యెక్కెనో, అసలు అడవికే పోయెనో లేదో తెలియని సామాన్యుని వెదకుటకు ఎన్నినాళ్లు పట్టునో పాఠకులే యూహింపవచ్చును.

అమెరికాదేశమున ఆరన్ రాల్‌స్టన్ అను 27 ఏండ్ల యువకుడు 2003వ సంవత్సరము ఏప్రిలు నెలలో యూటా రాష్ట్రపు ఇరుకులోయలలోనికి ఒంటరిగా పోయెను. కొండల నెక్కుటలో ఆరితేరినవాడే. అక్కడ ఒక బండ జారి ఆతని కుడిచేతిని లోయగోడకు నొక్కి పట్టెను. ఎక్కడికి పోవుచున్నదియు ఆత డెవ్వరితోను చెప్పి యుండలేదు. కావున కేకవేసిన వినువారును లేరు, వెదకుటకు వచ్చువారును లేరు. ఆత డైదు దినములకు పైగా అట్లే నిలిచి, తుదకు తన చేతిని తానే మొండికత్తితో కోసికొని బయటపడెను. ఆతడు పనికి రాకపోవుట చూచి విచారణ మొదలగునప్పటికి దినములు గడచిపోయినవి. ఆతని ధైర్యమును గూర్చి పుస్తకము వెలువడినది, చలనచిత్రమును వచ్చినది. ధైర్యమును మేమును కొనియాడుదుము. కాని బయలుదేరుటకు ముందు వ్రాయదగిన నాలుగు పంక్తులు ఆ చేయి చేయవలసిన పనియే కదా యని తోచక మానదు.

చెప్పకపోవుటకు మూడు కారణములు మాకు కనబడుచున్నవి. మొదటిది శకునభయము. రెండవది విధివాదము. రాసిపెట్టియున్నది తప్పదని చెప్పువారు ప్రయాణమునకు మూటెడు రొట్టెలు గట్టుకొనుట మానరు. ఆకలి విషయమున లేని విధి ఆపద విషయమున నెట్లు వచ్చెనో వారే చెప్పవలెను. మూడవది అన్నిటికంటె బలమైనది. చెప్పినచో పెద్దలు పోనీయరు. కావున కుమారుడు స్నేహితుని పెండ్లి కని చెప్పి కొండ కెక్కును. కుమార్తె చెలికత్తె యింట చదువుకొందు నని చెప్పి జలపాతమునకు పోవును. కాలు విరిగి వారు లోయలో పడియున్నవేళ తలిదండ్రులు పెండ్లివారి యిండ్లలోను చెలికత్తె గుమ్మమునందును వెదకుచుందురు. ఈ యబద్ధమునకు పిల్లలను మాత్రమే నిందించుట న్యాయము కాదు. అడిగిన వెంటనే నిషేధించు నింటిలో నిజము చెప్పువాడు పుట్టడు. ఆడపిల్ల యడిగినపుడు నిషేధము మరింత త్వరగా వచ్చును. కావున ఆమె యబద్ధము మరింత భద్రముగా దాచబడును. ఆపద వచ్చిన దినమున ఆమెను వెదకుట మరింత యాలస్య మగును. పెద్దలు నేర్చుకొనవలసిన దిదే. ఎక్కడి కని యడుగుడు, అడిగి వినుడు, విని వలదనుటకు తొందరపడక, ఎవరితో, ఏ దారిని, ఎప్పటికి వచ్చెద వని యడుగుడు.

మేము ఉన్నతపాఠశాలలోని పెద్దతరగతుల పిల్లలను ఎగువ అహోబిలపు కొండలకు తీసికొనిపోవుట కలదు. ఒకమారు బయలుదేరు దినమున ఒక బాలుని తండ్రి, ఎక్కడెక్కడికి పోవుదురు, ఎన్నిగంటలకు తిరిగివత్తు రని మమ్ములను అడిగెను. ఆ బాలుని నాయనమ్మ కుమారుని మీద విరుచుకపడి, “నోరు ముయ్యరా! గడప దాటే బిడ్డను ఎక్కడికని అడుగుతావా?” అనెను. మేము మారుమాట యాడక, తరగతికొక కాగితముగా వ్రాసి యుంచిన ప్రయాణక్రమములో నొకదానిని ఆయన చేతి కిచ్చితిమి. మేము తిరిగివచ్చిన తరువాత ఆయన చెప్పిన సంగతి యిది. మధ్యాహ్నమునుండి ఆ ముసలమ్మయే ఆ కాగితమును గంటగంటకును చదివించుకొని, “ఇప్పుడు జ్వాలానృసింహుని గుహ కాడ ఉంటారు, ఇప్పుడు భవనాశి దిగుతుంటారు” అని తనలో తాను లెక్కపెట్టుకొనుచుండెనట. అడుగరాని ప్రశ్న కాగితముమీద జవాబుగా కనబడినపుడు ఆమెకు అపశకునము కాలేదు. మనసుకు ఊరట యయ్యెను.

ఆ కాగితములో నుండవలసిన దేమి? పోవువారి పేరులు, వయస్సులు, ఫోను నంబరులు; ఎవరి కే జబ్బు కలదు, ఏ మందు వాడుదురు; ఏ యూరివద్ద అడవిలో ప్రవేశింతురు, ఏ యూరివద్ద వెలువడుదురు; నడుమ ఏ కొలను, ఏ గుడి, ఏ కనుమ దాటుదురు; రాత్రి యెక్కడ పండుకొందురు; ఆ దారి మూసియున్న యెడల పట్టు రెండవ దారి యేది; బండి యెక్కడ నిలిపినారు, దాని నంబరెంత. ఇవి యన్నియు ఒక యెత్తు, కడపటి పంక్తి యొక యెత్తు: ఎన్నిగంటలకు తిరిగివత్తుము, ఎన్నిగంటలవరకు మానుండి మాట రాకున్నచో ఎవరికి తెలియజేయవలెను. ఈ పంక్తి లేని కాగితము తేది లేని నోటువంటిది. గడు వెప్పుడు తీరెనో తెలియనివాడు, ఇంకొక గంట చూతము, తెల్లవారనిత్తము అని కూర్చుండును. గాయపడినవానికి ఆ గంటలే ప్రాణము. గడువు దాటినచో 112కు ఫోను చేయవలెను. ఆ ప్రాంతపు అటవీశాఖవారి నంబరు ముందుగానే కనుగొని కాగితముపై వ్రాసి యుంచవలెను.

అడవిలో టెలిఫోను చాలును గదా యని కొంద రందురు. నల్లమల లోయలలో టెలిఫోను చాలచోట్ల మూగది. సంకేతము కొరకు తడవుకొనుచు తన బలమును తానే తినివేసికొనును. కావున పనిలేనపుడు దానిని ఆపి యుంచుట మేలు. మాట పోని చోటనుండి యొక్కొక్కప్పుడు చిన్న సందేశము పోవును. పాశ్చాత్యదేశములలో నడకవారు ఉపగ్రహములతో మాటలాడు చేతిపరికరములను వెంట గొనిపోవుదురు. మన దేశమున ప్రభుత్వపు అనుమతి లేక వానిని వాడుట చట్టవిరుద్ధము. తెలియక తెచ్చిన విదేశీయులు విమానాశ్రయములలో పట్టుబడినారు. ఇట్టి స్థితిలో ఇంటనుంచిన కాగితమునకు మనకడ విలువ హెచ్చే గాని తక్కువ కాదు.

వెంట నుంచుకొనవలసినవి పెద్ద బరువు కావు. చాలినన్ని నీళ్లు, చేతిదీపము, ఈల, అగ్గిపెట్టె, కట్టు గుడ్డలు, ఒక దుప్పటి, ఒకపూట కెక్కువగా తిండి. ఆపదలో ఈల నిమిషమున కారుమారు లూది, ఒక నిమిష మాగి మరల నూదవలెను. విన్నవారు నిమిషమునకు మూడుమార్లు బదులూదుట పర్వతారోహకుల సంప్రదాయము. దారి తప్పినట్లు తోచినచో తిరుగులాడక ఉన్నచోటనే యుండుట మేలు. కాగితము చూచి వచ్చువారు ఆ దారినే వెదకుదురు. పాము కరచినచో కోయుటయు, పీల్చుటయు, బిగించి కట్టుటయు, మంత్రగాని కొరకు పరుగెత్తుటయు హానికరములు. కరచిన యవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి చేర్చుటయే మార్గము.

చెప్పవలసినవారిలో ఇంటివారే కాక అడవిని కాచువారును కలరు. 2018వ సంవత్సరము మార్చి 11వ తేదీని తమిళనాట తేని జిల్లాలోని కురంగణి కొండలలో కార్చిచ్చు రేగి, కొండ దిగుచున్న నడకవారిలో ఇరువదిమందికి పైగా బలిగొనెను. తరువాత ఆ రాష్ట్రమువారు అడవి నడకలకు అనుమతులను గూర్చి ప్రత్యేకముగా నియమములు చేసిరి. అనుమతి పత్రమును మనవారు సుంకముగా భావించి తప్పించుకొన చూతురు. నిజమునకు దానివలన నేడు అడవిలో ఎందరున్నారో, ఎచ్చటనున్నారో కాపలావానికి తెలియును. నిప్పు కనబడిన దినమున పోవల దని చెప్పు నవకాశ మాతనికి చిక్కును.

కాగితము తాయెత్తు కాదని కూడ చెప్పవలసి యున్నది. 2024వ సంవత్సరము జూను నెలలో ఉత్తరాఖండమునందలి సహస్రతాల్ దారిలో, దారిచూపువారితో కూడ పోయిన 22 మంది గుంపులో 9 మంది చలిగాలివానకు చిక్కి చనిపోయిరి. తక్కిన 13 మందిని కాపాడి తెచ్చిరి. ఏర్పా టెంత చేసికొన్నను ఆకాశము మన మాట వినదు. ఏర్పాటు చేయగలిగినది ప్రమాదము నాపుట కాదు. ప్రమాదమునకును సాయమునకును నడుమనున్న కాలమును తగ్గించుట. ఆ పాటి పని యైనను మన చేతిలో నుండగా విడిచిపెట్టుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

ఇందు ఋణమొకటి కూడ నున్నది. తప్పిపోయినవానిని వెదకువారు జీతగాండ్రైన కావచ్చును, చెంచుపెంటలలోని బీదవారైన కావచ్చును. వారును చీకటిలో, వానలో, పులులు తిరుగు చోట్ల తమ ప్రాణములను ఒడ్డి నడచుదురు. ఎక్కడ వెదకవలయునో చెప్పకపోయినవాడు తన కష్టమును వారి కష్టముతో హెచ్చవేయుచున్నాడు. అట్లే క్షేమముగా తిరిగివచ్చియు, వచ్చితి నని కాగితము గలవానికి తెలుపక నిద్రపోవువాడు నిష్కారణముగా పదిమందిని అడవికి తోలుచున్నాడు.

మన భాషలో గడప దాటువాడు పోవుచున్నా నని యనడు. వెళ్లివచ్చెద నని యనును. ఆ మాటలో తిరిగిరాక యను ప్రతిజ్ఞ యిమిడియున్నది. ఎక్కడికి, ఎప్పటికి అను రెండును అందులో లేవు. ఆ రెంటిని కాగితముపై వ్రాసి యిచ్చుట పోవువారి వంతు. వెరపు లేక అడుగుట ఇంట నుండువారి వంతు.