బిందెలో మునిగే చెయ్యి

విరేచనాలతో వచ్చిన పిల్లవాడి తల్లిని "నీళ్ళు కాచి ఇస్తున్నావామ్మా?" అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. అబద్ధం కాదు, నిజంగానే కాస్తారు. అందుకే తర్వాతి ప్రశ్న నేను పిల్లల్నే అడుగుతాను: "దాహమేస్తే ఏం చేస్తావురా కన్నా? చేసి చూపించు."

ఒంగోలు పక్క పల్లె నుంచి ఒక నాలుగేళ్ళ పాప మాటిమాటికీ మోషన్స్‌తో వచ్చేది. తల్లి శుభ్రంగా ఉండే మనిషి, ఆ సంగతి అత్తగారే చెప్పింది. నీళ్ళు ఎలా తాగుతుందో చేసి చూపించమని పాపను అడిగాను. నా బల్ల మీదున్న ట్రేని బిందె అనుకుని, మునివేళ్ళ మీద లేచి, లేని గ్లాసుతో సహా మణికట్టు దాకా చెయ్యి ముంచేసింది. పెరట్లో కోడిపిల్లల వెంట తిరిగి వచ్చే చెయ్యి అది. తల్లి నోట మాట లేదు.

నీళ్ళు కళపెళ మరిగాక ఒక్క నిమిషం ఉంచితే చాలు, క్రిములు చస్తాయి. కానీ చల్లారిన తర్వాత వచ్చి పడే క్రిమిని ఆ నీళ్ళు ఏమీ చెయ్యలేవు. కుళాయి నీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే అది కొంతవరకు కాపాడుతుంది. కాచిన నీళ్ళకు అలాంటి రక్షణ లేదు. మూతా గరిటే లేని బిందెలో పోస్తే పొద్దున పడ్డ శ్రమంతా మధ్యాహ్నానికి వృథా.

ఆ తల్లికి మందులతో పాటు ఇంకో చీటీ కూడా రాశాను. కుళాయి బిగించిన మూత డ్రమ్ము ఒకటి, అది పాప చేతికి అందేటంత పొట్టి పీట మీద. చేతులు కడుక్కునే చోట కూడా మగ్గు, సబ్బు పాప ఎత్తులోనే. నాలుగేళ్ళ బిడ్డకు అందని ఎత్తులో బిందె పెట్టి, "చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరితే తప్పు ఎవరిది? పసివాళ్ళకు శుభ్రత నేర్పడమంటే ముందు ఇల్లు సర్దడమేనని నా గట్టి నమ్మకం. మాటలు ఆ తర్వాత.

మాటలకంటే పసుపు బాగా పనిచేస్తుంది. అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు పిల్లల తడి అరచేతుల్లో చిటికెడు పసుపు రాసి కాసేపు ఆడుకోమంటాను. పలక మీద, గ్లాసు అంచున, పక్కపిల్ల బుగ్గ మీద పచ్చటి వేళ్ళు పడతాయి. "చూశారా, చెయ్యి ఎక్కడెక్కడికి పోయిందో!" అప్పుడు సబ్బు బిళ్ళ ఇస్తాను. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. తెల్లచొక్కా మీద కూర మరకకు సబ్బు పెట్టిన ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. సబ్బు చేరిన చోట చెయ్యి ఎర్రగా మారుతుంది. చేరనిచోట, అంటే వేళ్ళ సందుల్లో, బొటనవేలి మొదట్లో, గోళ్ళ చుట్టూ, పచ్చగానే ఉండిపోతుంది. పిల్లలు తమంతట తామే అక్కడ మళ్ళీ రుద్దుతారు. ఇరవై సెకన్లు లెక్కపెట్టమని నేను చెప్పాల్సిన పనే ఉండదు.

బెదిరించడం మాత్రం వద్దు. మట్టిలో ఆడితే కడుపులో పురుగులు పడతాయి, డాక్టరు సూది వేస్తాడు అని విని పెరిగిన అయిదేళ్ళ పిల్లాడొకడు విరేచనాల సంగతి ఇంట్లో చెప్పకుండా దాచాడు. నా దగ్గరికి తెచ్చేసరికి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పిడచగట్టింది. లీటరు నీళ్ళలో ఒక పొట్లం ఓఆర్‌ఎస్ కలిపి మొదటి రోజునే పడుతూ, పధ్నాలుగు రోజులు జింక్ ఇస్తే ఇంట్లోనే తేలిపోవాల్సిన జబ్బు, సెలైన్ దాకా వచ్చింది. "కడుపు బాగాలేదమ్మా" అని భయం లేకుండా చెప్పగలగడం కూడా పిల్లలకు నేర్పాల్సిందే.

మా ప్రాంతంలో నీళ్ళతో ఇంకో చిక్కుంది. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో 1937లో వైద్యులు రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన ప్రాంతపు పల్లెల్ని చూసే. కనిగిరి వైపు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ అబ్బాయి పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. పళ్ళు తోమడని బళ్ళోనూ ఇంట్లోనూ తిట్లే. తోమితే పోయే మరకలు కావవి. చిగుళ్ళ లోపల పళ్ళు తయారవుతున్న వయసులో తాగిన బోరు నీళ్ళ గుర్తులు. ఆ నీళ్ళు కంటికి తేటగా ఉంటాయి. కాచితే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడు గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరుకు మంట పరిష్కారం కాదు, వేరే నీళ్ళే కావాలి. తప్పు నీది కాదురా అని తండ్రి ఎదుటే వాడికి చెప్పాను.

చివరగా, పెద్దవాళ్ళే మార్చుకోవాల్సిన సంగతొకటి. చంటిబిడ్డ దొడ్డికి దోషం లేదని చాలా ఇళ్ళలో ఇంకా నమ్ముతారు. కాగితంలో చుట్టి కాలవలో పడేస్తారు, పెరట్లో మూలకు విసురుతారు. అందులో విరేచనాలు తెచ్చే రోటావైరస్ లాంటి క్రిములు ఉండొచ్చు, పెద్దవాళ్ళ మలం కంటే తక్కువ ప్రమాదం కాదు. రోటావైరస్ టీకా ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఆరు, పది, పధ్నాలుగు వారాలకు వేస్తున్నారు, వేయించండి. మలాన్ని మరుగుదొడ్లోనే పొయ్యండి. బిడ్డను కడిగిన చెయ్యి సబ్బుతో కడుక్కునేటప్పుడు పక్కన నిలబడ్డ పెద్దపిల్లను కూడా పిలిచి చూపించండి. రేపు తమ్ముణ్ణి ఎత్తుకునేది, తనకు తెలిసినట్టే కడిగేది ఆ పిల్లే.