మోంటెబెల్లూనాలో ఒక జత బూట్లు

బూట్ల కోసం ఇటలీ దాకా వెళ్ళాలా అని పాఠకులు నవ్వవచ్చు. ఇటలీకి వెళ్ళింది మా తమ్ముణ్ణి చూడటానికే లెండి. వాడు పాదువా నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడినుంచి మోంటెబెల్లూనాకు మాత్రం బూట్ల కోసమే వెళ్ళాను.

పాదువాలో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. ఊరికి ఉత్తరాన ఆల్ప్సు కొండలు మొదలవుతాయి. తూర్పున మోంటెల్లో అనే పొడుగాటి గుట్ట. ఆ గుట్టమీది ఓక్ మానులతోనే ఒకప్పుడు వెనీసు రాజ్యం ఓడలు కట్టించుకున్నది. అడవిలో పనిచేసేవారికీ, కొండలెక్కేవారికీ గట్టి బూట్లు కావాలి గదా! 1954లో ఇటలీవారు కె-2 శిఖరాన్ని మొట్టమొదటిసారి ఎక్కినప్పుడు వారి కాళ్ళకున్నవి ఈ ఊళ్ళో కుట్టిన బూట్లే. తరువాత మంచుమీద జారే స్కీ ఆటకు కావలసిన బూట్లకు ఈ ఊరు ప్రపంచమంతటా పేరుపడ్డది.

సైకిలు బూటుకూ, స్కీ బూటుకూ చుట్టరికమున్నది. పూర్వం పందెగాళ్ళు బూటును పెడలుకు తోలుపట్టీతో బిగించి కట్టుకునేవారు. స్కీ బూటును పట్టివుంచే పరికరాలు చేసే లుక్ అనే ఫ్రెంచి కంపెనీ 1984లో అదే ఉపాయాన్ని పెడలుకు పెట్టింది. మరుసటి ఏడాదే బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతో టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలిచాడు. బూటు అడుగున ఒక బిళ్ళ ఉంటుంది; పెడలుమీద నొక్కితే టక్కున పడుతుంది, మడమను పక్కకు తిప్పితే ఊడివస్తుంది. ఖరీదైనవాటి అడుగుభాగం కార్బనుతో చేస్తారు. అది వంగదు, సాగదు. ఇరుకైతే ఎన్నాళ్ళు తొక్కినా ఇరుకే.

నాకు చక్కెరవ్యాధి. "సైకిలు మానకండి మాష్టారూ, కాని కాలికి పుండు మాత్రం పడనివ్వకండి" అన్నారు డాక్టరుగారు. కాలేజీకి రానూపోనూ 30 కిలోమీటర్లు. మన దగ్గర కొన్న బూట్లు వేళ్ళను నొక్కుతున్నాయంటే దుకాణదారు రెండు నెంబర్లు పెద్ద జత అంటగట్టాడు. వేళ్ళకు తెరిపి లేదు సరిగదా, మడమ జారి బొబ్బ లేచింది. అది చూసి మా ఆవిడ సైకిలును అటకెక్కిస్తానన్నది.

మోంటెబెల్లూనాలో మేము వెళ్ళిన దుకాణం పెద్దాయన బూట్లు చూపించలేదు. ముందు మేజోళ్ళు విప్పమన్నాడు. కాగితంమీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీశాడు. కూచుంటే పాదం కొలత తగ్గుతుందట. సాయంత్రం రావడం కూడా మంచిదేనన్నాడు. అప్పటికి పాదం కాస్త ఉబ్బివుంటుంది. గీత చూసి ఏదో అని నవ్వాడు.

"చిన్నతనంలో బూట్లు తొడగని కాలట, అన్నయ్యా!" అన్నాడు తమ్ముడు.

ఎంత నిజం! వట్టి కాళ్ళతో, తరువాత చెప్పులతో తిరిగిన కాలు ముందువైపు విచ్చుకుంటుంది. యూరపు నెంబరేమో పొడవు లెక్క. ఒక్కో నెంబరుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. 42 అంటే బూటు కుట్టే అచ్చు 28 సెంటీమీటర్లు. వెడల్పు ప్రసక్తే అందులో లేదు. నెంబరు పెంచితే పెరిగేది ముఖ్యంగా పొడవు. పైగా బిళ్ళ బిగించే రంధ్రాలు కూడా ముందుకు జరుగుతాయి. బొటనవేలి మొదటి కణుపు దగ్గర పడవలసిన బలం వేళ్ళమీద పడుతుంది. తిమ్మిరి రాక ఏం చేస్తుంది? ఇక్కడి కొన్ని కంపెనీలు అదే నెంబరులో వెడల్పు రకం వేరే చేస్తాయి. నా పాత జత 44. ఆయన తొడిగించింది 42, వెడల్పుది. ఎడమ పాదం కాస్త పెద్దదని దానికే సరిచూశాడు.

మర్నాడు ఒక సైకిలు అద్దెకు తీసుకుని మోంటెల్లో ఎక్కాను. గుట్టమీది రోడ్లను నెంబర్లతోనే పిలుస్తారు. 1985లో ప్రపంచ సైకిలు పోటీ జరిగింది ఈ గుట్టమీదే. గెలిచిన హాలండువాడు జోప్ జోటెమెల్క్‌కు అప్పటికి 38 ఏళ్ళు! నేను మాత్రం రెండుచోట్ల దిగి ద్రాక్షతోటలు చూస్తున్నట్టు నటించాను.

గంటన్నర తొక్కి వచ్చాక మా ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వేళ్ళ సందులూ, మడమలూ పరీక్షించింది. ఎక్కడా ఎర్రదనం లేదు. "రోజూ చూస్తాను" అన్నది. ఇంటికి వచ్చాక కూడా చూస్తూనే ఉన్నది.